కాలదోషం పట్టిన గెలుపు

చదరంగంలో గెలవడం ఎట్లాగో నేర్పే పుస్తకాలు లెక్కలేనన్ని ఉన్నవి. గెలవగలిగి ఉండి కూడ గెలిచే హక్కును ఎప్పుడు కోల్పోతామో చెప్పే నియమం మాత్రం ఒక్కటే. అది మూడు నాలుగు పంక్తులలో ముగుస్తుంది. ఇరుపక్షాలవారూ వరుసగా యాభైయేసి ఎత్తులు వేసి, ఆ మధ్యలో ఒక్క బంటైనా కదలక, ఒక్క పావైనా చావక ఉన్నట్లయితే, ఎత్తు వేయవలసిన ఆటగాడు ఆటను సమంగా ముగించమని కోరవచ్చు. రెండవవాడి వద్ద ఎంత బలమున్నా, ఇంకొక పది ఎత్తులలో ఆటకట్టు ఖాయమని వాడు నిరూపించగలిగినా, ఆ కోరికను కాదనడానికి వీలు లేదు.

బంటు కదలికను, పావు మరణాన్ని లెక్కకు గుర్తులుగా పెట్టుకోవడంలో ఒక వివేకం ఉన్నది. బంటు ముందుకేగాని వెనుకకు నడవదు. చచ్చిన పావు మళ్ళీ బల్లమీదికి రాదు. తక్కిన ఎత్తులు చాలావరకు వెళ్ళి తిరిగి రాదగినవే. ఏనుగు ఈ మూలనుండి ఆ మూలకు పోయి, మళ్ళీ వచ్చి యథాస్థానంలో కూర్చోవచ్చు. ఏమీ జరగనట్టే ఉంటుంది. కాబట్టి మరలిరాని పని ఏదైనా ఒకటి జరిగితేనే ఆట ముందుకు నడిచిందని ఒప్పుకొని, లెక్కను మళ్ళీ ఒకటినుండి మొదలుపెడతారు.

యాభై అన్న సంఖ్యలో దైవికమైనదేదీ లేదు. 1561లో స్పెయిన్ దేశపు మతాచార్యుడు రుయ్ లోపెజ్ తన గ్రంథంలో యాభై అన్నాడు. పదిహేడవ శతాబ్దంలో ఇటలీవాడు పియెట్రో కరేరా ఇరవైనాలుగు చాలునన్నాడు. పందొమ్మిదవ శతాబ్దంలో ఫ్రాన్సు ఆటగాడు లా బూర్దొనే అరవై కావాలన్నాడు. చివరకు యాభైయే నిలిచింది. అంకె విషయంలో బేరమాడుకొన్నా ఆ పెద్దలందరికీ ఉమ్మడిగా ఒక నమ్మకం ఉండెను. గెలవదగిన స్థితి అయితే తెలిసినవాడు ఈ గడువులోగా గెలుస్తాడు. గెలవలేకపోయినాడంటే అది గెలవదగిన స్థితి కాదు, లేదా వాడికి తెలియదు. ఈ రెండింటిలో ఏది నిజమైనా ఎదుటివాడిని ఇంకా కూర్చోబెట్టి వేధించడం మర్యాద కాదు. అంటే సత్యానికీ గడువుకూ మధ్య తగాదా రాగలదని వారెవ్వరూ ఊహించలేదు.

తగాదా యంత్రం వల్ల వచ్చింది.

బల్లమీద నాలుగైదు పావులు మాత్రమే మిగిలినప్పుడు ఏర్పడగల స్థితులు ఎన్నో ఉన్నా అవి లెక్కకు అందేవే. ఆటకట్టు అయిన స్థితులన్నిటినీ మొదట గుర్తించి, వాటికి ఒక ఎత్తు ముందున్నవి ఏవి, ఆ ముందున్న వాటికి ముందున్నవి ఏవి అని తుదినుండి మొదటికి నడుచుకొంటూ పోతే, ప్రతి స్థితికీ ఒక తీర్పు దొరుకుతుంది: గెలుపా, ఓటమా, సమమా, ఎన్ని ఎత్తులలో? మనిషి ముందుకు ఆలోచిస్తూ చీకటిలో తడుముకొంటాడు. యంత్రం గమ్యంనుండి బయలుదేరి దారులన్నీ వెనుకకు నడిచి వస్తుంది. ఈ మార్గాన్ని 1965లో అమెరికన్ గణితవేత్త రిచర్డ్ బెల్మన్ సూచించాడు. 1970లో జర్మనీలో థామస్ ష్ట్రోలైన్ తన పరిశోధన వ్యాసంలో కొన్ని ముగింపు ఆటలకు దానిని ఆచరించి చూపాడు. ఆ దశకం చివర, యునిక్స్ వ్యవస్థను నిర్మించినవారిలో ఒకడైన కెన్ థామ్సన్, మంత్రికీ ఏనుగుకూ మధ్య జరిగే పోరుకు సంపూర్ణమైన పట్టిక తయారుచేశాడు. (మనం మంత్రి అనేదానిని పాశ్చాత్యులు రాణి అంటారు. బల్లమీద అన్నిటికన్న బలమైన పావు అదే.)

ఒక పక్షాన రాజు, మంత్రి. ఎదుటి పక్షాన రాజు, ఏనుగు. ఇందులో మంత్రిగలవాడు గెలుస్తాడని పుస్తకాలన్నీ చెప్పినవి. ఏనుగు తన రాజును అంటిపెట్టుకొని ఉంటుంది, దానిని మెల్లగా విడదీస్తే పని అయిపోతుంది. పలుమార్లు అమెరికా విజేత అయిన గ్రాండ్‌మాస్టర్ వాల్టర్ బ్రౌన్ కూడ అట్లాగే అనుకొన్నాడు. యంత్రం ఏనుగు పక్షం వహిస్తే తాను యాభై ఎత్తులలోగా గెలుస్తానని పందెం వేశాడు. ఆ ఆట ఎంత కఠినమైన స్థితినుండి మొదలైనా ముప్పైయొక్క ఎత్తులకు మించి పట్టదని పట్టిక చెబుతున్నది. కాని యంత్రం ఏ పుస్తకంలోనూ లేని విధంగా, ఏనుగును రాజుకు దూరంగా పంపి ఆడింది. ఎంతటి ఆటగాడికైనా అది అపరిచిత ప్రపంచం. యాభై ఎత్తులు గడిచినవి, బ్రౌన్ గెలవలేదు. పందెపు సొమ్ము చెల్లించి ఇంటికి వెళ్ళి, కొన్ని వారాలపాటు ఆ ముగింపును అధ్యయనం చేసి, తిరిగి వచ్చి రెండవ పందెం వేశాడు. ఈసారి సరిగా యాభైయవ ఎత్తున ఏనుగును పట్టుకొన్నాడు.

ఈ ఉదంతాన్ని యంత్రం గొప్పతనానికి నిదర్శనంగా చెప్పుకోవడం పరిపాటి. నాకు అందులో కనిపించేది వేరు. ముప్పైయొక్క ఎత్తులలో తెమలవలసిన పనికి బ్రౌన్‌కు యాభై పట్టినవి. అంటే అతడు పట్టికను వల్లించలేదు. నేర్చుకొన్నాడు, కొంత మరచిపోయినాడు, తప్పినాడు, సర్దుకొన్నాడు. యంత్రంనుండి పుచ్చుకొన్నదే అయినా ఆ గెలుపు అతని సొంతం కావడానికి ఆ పంతొమ్మిది ఎత్తుల అదనమే సాక్ష్యం.

మంత్రీ ఏనుగుల పట్టిక పాత నియమాన్ని కదిలించలేదు. కదిలించినది 1983లో థామ్సనే పూర్తి చేసిన మరొక పట్టిక. ఒకవైపు రెండు శకట్లు, మరొకవైపు ఒంటరి గుర్రం. ఇందులో గుర్రంగలవాడు ఆశ్రయించదగిన ఒక కోటవంటి స్థితిని 1851లో క్లింగ్, హార్విట్జ్ అనేవారు ప్రకటించారు. అది అభేద్యమని నూటముప్పై ఏండ్లపాటు అందరూ విశ్వసించారు. యంత్రం ఆ కోటను పగలగొట్టింది. రెండు శకట్లు గెలిచి తీరుతవి, కాని కొన్ని స్థితులలో గుర్రాన్ని పట్టడానికే అరవైయారు ఎత్తుల వరకు కావాలి. ఇదీ చిక్కు. పుస్తకం సమమన్నది తప్పని తేలింది. గెలుపు ఉన్నదన్నది నిజమని తేలింది. అయినా యాభైయవ ఎత్తున ఎదుటివాడు చెయ్యెత్తితే ఆట సమమే. సత్యం ఒకవైపు, చట్టం మరొకవైపు నిలిచినవి.

అంతర్జాతీయ చదరంగ సమాఖ్య అయిన ఫిడే మొదట సత్యం పక్షం వహించింది. 1980ల దశకంలో కొన్ని ప్రత్యేకమైన ముగింపులకు గడువును నూరు ఎత్తులకు పెంచి, తరువాత డెబ్బైయైదుకు దించింది. పెంచిన గడువు ఎట్లా పనిచేసిందో 1989లో బెల్‌గ్రేడ్‌లో నికోలిచ్, ఆర్సోవిచ్ అనే ఇద్దరు ఆడిన ఆట చూపించింది. ఏనుగు, శకటు ఒకవైపు, ఉత్త ఏనుగు మరొకవైపు. అప్పటికి ఆ ముగింపుకు నూరు ఎత్తుల గడువు ఉండెను. ఆట ఇరవై గంటలకు పైగా సాగి, 269 ఎత్తుల తరువాత సమంగా ముగిసింది. అక్కడితోనైనా యంత్రం ఆగలేదు. 1991లో లూయిస్ స్టిల్లర్ ఆరు పావుల స్థితులను పరిశోధిస్తూ, ఏనుగు గుర్రం ఒకవైపు, రెండు గుర్రాలు మరొకవైపు ఉండే ముగింపులో ఒక గెలుపు కనుగొన్నాడు. ఇరుపక్షాలూ నిర్దుష్టంగా ఆడితే అందులో మొదటి పావు చావడానికే 243 ఎత్తులు కావాలి. దీనికి గడువు ఎంత పెట్టాలి? మున్ముందు యంత్రం అంతకన్న పొడవైనది చూపిస్తే దానికెంత? 1992లో ఫిడే మినహాయింపులన్నిటినీ తొలగించి, అన్ని స్థితులకూ యాభైయే అన్నది.

ఇది సత్యం ముందు సంస్థ పిరికితనమని కొందరి అభిప్రాయం. వారి వాదాన్ని తేలికగా తీసివేయరాదు. గెలుపు ఉన్నదని గణితం నిరూపించింది. గెలిచేవాడు ఒక్క తప్పైనా చేయలేదు. వాడు చేసిన నేరమల్లా వాడికి దొరికిన స్థితి పొడవైనది కావడమే. యాభై అనే అంకె అజ్ఞానకాలంలో పుట్టింది. అజ్ఞానం తొలగిన తరువాత కూడ దానిని పట్టుకొని వ్రేలాడడం దేనికి?

దీనికి సమాధానం కోసం బల్లను కొంచెంసేపు పక్కకు జరిపి, మన పల్లెలలో అందరికీ తెలిసిన ఒక కాగితాన్ని ముందు పెట్టుకొందాము. అది ప్రామిసరీ నోటు. అడిగినప్పుడు ఇస్తానని రాసిన నోటుమీద, రాసిన తేదీనుండి మూడు సంవత్సరాలలోగా దావా వేయకపోతే దానికి కాలదోషం పడుతుంది. ఈలోగా బాకీదారు ఎంతో కొంత చెల్లించి, నోటు వెనుక తన చేతితో ఆ చెల్లు రాస్తే, గడువు మళ్ళీ ఆనాటినుండి మొదలవుతుంది. అప్పిచ్చినవాడు మూడవ ఏడు నిండవచ్చేసరికి ఆత్రంగా బాకీదారు గుమ్మం తొక్కేది ఈ చెల్లు కోసమే. పది రూపాయలైనా సరే, రాసి ఇస్తే చాలు. చదరంగంలో బంటు ఒక గడి కదలడం అచ్చంగా ఇటువంటి చెల్లు.

కాలదోషం పట్టినంతమాత్రాన అప్పు అబద్ధం కాదు. మన న్యాయశాస్త్రం ఈ విషయంలో ఎంతో నిక్కచ్చిగా ఉన్నది. గడువు తీరితే పోయేది కోర్టు ద్వారా వసూలు చేసుకొనే ఉపాయమేగాని అప్పు కాదు. (ఆస్తి స్వాధీనం దావాలలో హక్కే నశిస్తుంది, అది వేరు సంగతి.) కాలదోషం పట్టిన బాకీని తీరుస్తానని బాకీదారు మళ్ళీ రాసి సంతకం చేస్తే ఆ వాగ్దానం చెల్లుతుందని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 25వ సెక్షను చెబుతున్నది. లేని అప్పుకు ఎవరూ కొత్త కాగితం రాయరు. కాబట్టి అప్పు ఉన్నది, ఎక్కడో ఉన్నది. దానినే మన పెద్దలు ఋణానుబంధమన్నారు. కోర్టు చేతికి అందని ఆ ఋణం మనిషిని జన్మాంతరాలలో కూడ వెంటాడుతుందని నమ్మారు. ఆ నమ్మకాన్ని ఉంచుకొన్నా, వదులుకొన్నా, అందులోని వివేచన మాత్రం సరైనది: ఒక విషయం నిజమై ఉండడం వేరు, ఆ నిజాన్ని మరొక మనిషిమీద అమలు జరిపే అధికారం మనకు ఉండడం వేరు.

గడువు ఉన్నది ఆ మరొక మనిషి కోసం. అతడికి సాక్షులు చనిపోతారు, రసీదులకు చెదలు పడుతుంది, జ్ఞాపకం చెదురుతుంది. అప్పు నిజమైనదే కావచ్చు. అయినా ఏనాటికైనా తలుపు తట్టగలిగే మనిషి ఒకడు ఉన్నాడన్న భయంతో జీవితాంతం బ్రతకమని ఎవరినీ శాసించరాదు. చదరంగంలో బలహీనుడి స్థితి కూడ ఇదే. ఒంటరి గుర్రంతో తన రాజును కాపాడుకొంటున్నవాడు ఏ తప్పూ చేయనక్కరలేదు. కూర్చుంటాడు, కాచుకొంటాడు, గంటలు గడుస్తవి. బలవంతుడికి యాభైసార్లు అవకాశం ఇచ్చిన తరువాత, ‘ఇక చాలు’ అని చెప్పే హక్కు వాడికి ఇవ్వడం సత్యాన్ని కించపరచడం కాదు. సత్యం వాడి ఆయుష్షుమీద చలాయించగల అధికారానికి ఒక హద్దు గీయడం.

ఇంకొక పోలిక కూడ చెప్పదగినది. యాభై ఎత్తుల నియమం దానంతటది అమలులోకి రాదు, ఎవరో ఒకరు కోరాలి. ఇద్దరికీ ఇష్టమైతే ఆట సాగవచ్చును. కాని 2014నుండి డెబ్బైయైదు ఎత్తులు నిండితే, ఎవరూ అడగకపోయినా న్యాయనిర్ణేతే ఆటను ముగిస్తాడు. 1963 నాటి లిమిటేషన్ చట్టం 3వ సెక్షను కూడ ప్రతివాది అడ్డు చెప్పకపోయినా గడువు మీరిన దావాను కొట్టివేయమని కోర్టును ఆదేశిస్తున్నది. వ్యక్తుల ఓర్పుకు ఒక హద్దు, వ్యవస్థ ఓర్పుకు మరొక హద్దు. హద్దే లేని ఆట ఎట్లా ఉంటుందో ప్రేమ్‌చంద్ 1924 నాటి కథ ‘శతరంజ్ కే ఖిలాడీ’లో చూపించాడు. కంపెనీ సేన లక్నోను ఆక్రమించి నవాబు వాజిద్ అలీ షాను పట్టుకొనిపోతుంటే, మీర్, మీర్జా ఇద్దరూ గోమతి ఆవలి ఒడ్డున పాడుపడిన మసీదులో బల్లమీదనుండి తల ఎత్తరు. ఆ కథను విలాసం మీద విమర్శగా చదువుతాము, అది సబబే. కాని హిందీలో దానిని చదివిన ప్రతిసారీ నాకు తోచేది, వారికి లోపించినది నైపుణ్యం కాదు, పౌరుషం కూడ కాదు (చివరకు ఒకరినొకరు పొడుచుకొనే చచ్చిపోతారు గదా), లేచి ఇంటికి పొమ్మని చెప్పే మూడవ మనిషి అని.

ఫిడే 1992లో చేసినది సరైన పని అని నేను భావించడానికి ఇంకొక కారణం ఉన్నది. మినహాయింపుల కాలంలో నియమం పావులను బట్టి మారేది. ఫలానా పావులకు ఇంత, ఫలానా పావులకు అంత. ఆ జాబితా ఎక్కడినుండి వచ్చింది? యంత్రం ఆనాటికి ఎన్ని లెక్కలు పూర్తి చేసిందో అందులోనుండి. రేపు మరొక లెక్క తేలితే చట్టాన్ని మరొకసారి సవరించాలి. యంత్రం తీర్పులు చెబుతుంటే చట్టం దాని వెనుక కూర్చొని నకళ్ళు రాసుకొనే గుమాస్తా కావడం నాకు సమ్మతం కాదు. నియమం ముందుగా అందరికీ తెలిసి, అందరికీ ఒకటిగా ఉండాలి. అందువల్ల ఏ వెయ్యి ఆటలకో ఒకదానిలో నిజమైన గెలుపు నష్టమైతే, ఆ నష్టం భరించదగినదే. నష్టమే కాదని మాత్రం అనరాదు.

ఈ చివరిమాటను పట్టించుకొన్నవాడు రోనాల్డ్ డి మన్. 2013లో ఆయన ప్రకటించిన సిజీజీ పట్టికలు స్థితులను మూడుగా కాక ఐదుగా విభజిస్తవి. గెలుపు, సమము, ఓటమి అన్న మూడింటికి తోడు, గెలుపే అయినా యాభై ఎత్తుల నియమం వల్ల చేజారిపోయేదానికి ‘శాపగ్రస్తమైన గెలుపు’ అని, ఓటమే అయినా అదే నియమం వల్ల తప్పించుకోగలదానికి ‘వరం పొందిన ఓటమి’ అని పేర్లు పెట్టారు. ఈ పేర్లలో పురాణవాసన ఉన్నదిగాని, పని మాత్రం మంచి న్యాయవాది పని. అప్పు ఉన్నదని ఒక గడిలో, వసూలు కాదని మరొక గడిలో, ఒకదానితో మరొకటి కలపకుండా రాసిపెట్టడం. 2018 నాటికి ఏడు పావుల స్థితులన్నిటికీ ఇటువంటి పట్టికలు పూర్తి అయినవి. ఆ స్థితుల సంఖ్య నాలుగు కోట్ల కోట్లకు పైమాట.

ఇంత జ్ఞానం ఉన్నదే, ఇది ఏ రకమైన జ్ఞానం? స్టిల్లర్ కనుగొన్న ముగింపులో ఎత్తులను వరుసగా చూస్తే, మొదటి నూటయాభైలో ఏం జరుగుతున్నదో చదరంగంలో తలపండినవారికైనా బోధపడదు. గుర్రం అటు పోతుంది, రాజు ఇటు వస్తుంది, ఏదో దగ్గరపడుతున్నట్టు కనిపించదు. అయినా ప్రతి ఎత్తూ తప్పనిసరి. ఎందుకని అడిగితే పట్టిక వద్ద సమాధానం లేదు, ‘ఇది వేస్తే 180, అది వేస్తే సమము’ అన్న అంకె తప్ప. మన తార్కికులు ప్రత్యక్షం, అనుమానం, శబ్దం వంటి ప్రమాణాలను చెప్పారు. పట్టిక మనకు ప్రత్యక్షం కాదు. మనం ఊహించి తేల్చుకొన్నదీ కాదు. నమ్మదగినవాడి మాటవలె దానిని స్వీకరిస్తున్నాము, అంటే శబ్దప్రమాణం. పైగా ఆ తీర్పును ఒక్కొక్కటిగా ఆలోచించి చెప్పిన వ్యక్తి ఎవరూ లేరు, ఒకవిధంగా అపౌరుషేయం! మీమాంసకులు వింటే నొచ్చుకొంటారు కాబోలు. వారి వేదం మనం చేయవలసినది చెబుతుంది, ఈ వేదం బల్లమీది సంగతి మాత్రమే చెబుతుంది.

వేదమైనా సూత్రమైనా భాష్యం లేనిదే మనిషికి అందదు. ఇంగ్లండు గ్రాండ్‌మాస్టర్ జాన్ నన్ చేసిన పనిని నేను అందుకే గొప్పగా ఎంచుతాను. గణితంలో డాక్టరేటు పొందిన ఆయన పట్టికలను ముందు పెట్టుకొని, అవి చెప్పని ‘ఎందుకు’ను వెతికాడు. ఏనుగుల ముగింపులమీద 1992లో, బంట్లు లేని ముగింపులమీద 1994లో ఆయన వెలువరించిన గ్రంథాలు భాష్యగ్రంథాలే. ఏ స్థితి మలుపు, ఏ రక్షణ మొండిది, దానిని విడదీసే యుక్తి ఏది అని పేర్లు పెట్టి, మనిషి గుర్తుంచుకోదగిన మాటలలోకి తెచ్చాడు. నిఘంటువులోని అర్థాలన్నీ సరైనవే అయినా వాటిని వరుసగా పేర్చితే వాక్యం కాదని అనువాదం చేసేవారందరికీ తెలిసిన సంగతే. నన్ చేసినది ఆ వాక్యాన్ని కూర్చడం.

పట్టిక చెప్పే నిజానికీ మనుషుల ఆటకూ ఉన్న దూరం గెలుపు విషయంలోనే కాదు, సమం విషయంలో కూడ ఉన్నది. 2021లో దుబాయిలో జరిగిన ప్రపంచ విజేత పోటీ ఆరవ ఆటలో మాగ్నస్ కార్ల్‌సన్ చేతిలో ఏనుగు, గుర్రం, రెండు బంట్లు మిగిలినవి. ఇయాన్ నెపోమ్నియాషి చేతిలో మంత్రి ఒక్కటే. రాజులతో కలిపి ఏడు పావులు, అంటే పట్టికలో ఉన్న స్థితి. పట్టిక తీర్పు సమము. పోటీని చూస్తున్న లక్షలమంది ఆ తీర్పును తెరమీద చదువుతూనే ఉన్నారు. ఆడుతున్న ఇద్దరికి మాత్రమే అది కనబడదు. కార్ల్‌సన్ బంట్లను తొందరపడి నడపలేదు, ఒక్కొక్క గడే కదుపుతూ లెక్కను మళ్ళీ మళ్ళీ మొదలుపెట్టించాడు. నూటముప్పైయవ ఎత్తున నెపోమ్నియాషి మంత్రిని ఒక గడిలో పెట్టవలసింది మరొక గడిలో పెట్టాడు. నూటముప్పైయారవ ఎత్తున ఆట ముగిసింది. దాదాపు ఎనిమిది గంటలు పట్టిన ఆ ఆట ప్రపంచ విజేత పోటీలన్నిటిలో దీర్ఘమైనది. నిజానికి సమమైనదానిని గెలిచాడు కాబట్టి అది అన్యాయమని ఎవరైనా అంటారా? గెలుపు బల్లమీద ముందే పడి ఉండే వస్తువు అయితే అనవలసిందే. అది ఒక మనిషి మరొక మనిషి ఎదుట, ఇద్దరికీ తెలిసిన హద్దులలో చేసే పని కాబట్టి ఎవరూ అనలేదు.

ఉత్తరాల ద్వారా ఆడే చదరంగంలో వ్యవహారం మరొక విధంగా ఉన్నది. అంతర్జాతీయ ఉత్తర చదరంగ సమాఖ్య పోటీలలో యంత్రసహాయం నిషిద్ధం కాదు. పట్టికలో ఉన్న స్థితి రాగానే ఆటగాడు దానిని చూపి గెలుపును కోరవచ్చు. అటువంటి కోరికకు యాభై ఎత్తుల లెక్క అడ్డు రాదు. ఇది పైన చెప్పినదానికి విరుద్ధమని తోస్తుందిగాని, కాదు. అక్కడ గంటలకొద్దీ బల్లముందు కూర్చొని వేధింపబడేవాడు ఎవరూ లేరు. పట్టిక ఇద్దరి ఇళ్ళలోనూ ఉన్నది. కాపాడవలసిన ఓర్పు లేనిచోట గడువు అనవసరం. అయితే ఆ చివరి ఎత్తుల గెలుపు ఎవరిది? నా ఉద్దేశంలో ఎవరిదీ కాదు, అది రిజిస్ట్రారు వేసే ముద్ర వంటిది. ఆటగాడి గెలుపు అంతకు ముందే, పావులు ఇంకా ఎక్కువగా ఉండి పట్టిక మౌనంగా ఉన్నప్పుడు, ఆ గుమ్మం దాకా ఆటను నడిపించుకొని రావడంలో పూర్తి అయినది. ఎదురెదురుగా కూర్చొని ఆడే ఆటలలో ఇందుకు వీలు లేదు. ఒకప్పుడు పొడవైన ఆటను రాత్రికి వాయిదా వేసి, మిత్రులతో కలిసి పరిశీలించి మరునాడు కొనసాగించేవారు. యంత్రాలు బలపడిన తరువాత 1990లలో ఆ ఆచారం అంతరించిపోయింది. మిత్రుడి సలహా అర్థం చేసుకొంటేనే పనికివస్తుంది. యంత్రం సలహాకు ఆ అవసరం లేదు.

ఈ చర్చలో నాకు తరచుగా గుర్తుకు వచ్చే మనిషి అలెక్సీ త్రోయిత్‌స్కీ. 1866లో పుట్టిన రష్యను, వృత్తిరీత్యా అడవుల శాఖలో ఉద్యోగి. ఒంటరి రాజును రెండు గుర్రాలతో బలవంతంగా ఆటకట్టించడం సాధ్యం కాదు. కట్టబోయే ముందు ఆ రాజుకు కదలడానికి చోటు లేక ఆట సమమైపోతుంది. కాని ఆ రాజుకు ఒక బంటు ఉంటే సాధ్యమే. రాజుకు చోటు లేకపోయినా బంటు కదలగలదు గనుక ఆట ఆగదు. ఆ కదలికే వాడి కొంప ముంచుతుంది. వాడికున్న ఏకైక ఆస్తి వాడి నాశనానికి హేతువు. త్రోయిత్‌స్కీ సంవత్సరాల తరబడి దీనిని శోధించి, బంటు ఏ గీతను దాటకముందు గుర్రంతో నిలిపివేస్తే గెలుపు ఖాయమో నిర్ణయించాడు. కాగితం, కలం, బల్ల తప్ప మరే సాధనమూ లేదు. దశాబ్దాల తరువాత యంత్రం సరిచూస్తే ఆయన లెక్క ఆశ్చర్యకరంగా సరిపోయింది. అందులో పొడవైన గెలుపుకు నూటపదిహేను ఎత్తుల వరకు పడుతుందని తేలింది. గుర్రం బంటును ఆపి ఉంచినంతసేపు బంటు కదలదు, పావు చావదు. కాబట్టి పోటీలలో ఆ గెలుపులలో చాలావాటికి కాలదోషం పడుతుంది. ఒకవేళ గుర్రం తప్పుకొని, విధిలేక బంటు కదిలితే, ఆ క్షణాన బాకీదారే తన చేతితో నోటు వెనుక చెల్లు రాసినట్టు గడువు మళ్ళీ మొదలవుతుంది.

త్రోయిత్‌స్కీ 1942లో లెనిన్‌గ్రాడు ముట్టడిలో ఆకలితో మరణించాడు. ఆయన రాసిన సమస్యలు మాత్రం నేటికీ ఆ విద్యాభిమానుల చేతులలో ఉన్నవి. చదరంగ సమస్యల రచనకు వేరే నిబంధనావళి ఉన్నది. ప్రత్యేకంగా పేర్కొంటే తప్ప, ఆటను వెనుకకు విప్పుకొంటూ పోయే ఒక తరగతి సమస్యలకు మినహా, సమస్యల సాధనకు యాభై ఎత్తుల లెక్క వర్తించదని అందులో రాసి ఉన్నది. అక్కడ ఎదుటి కుర్చీలో ఎవరూ కూర్చొని ఉండరు.